కాల సంక్లిష్టత

ఒక అల్గోరిథమ్ తన పనిని ముగించడానికి వేయవలసిన అడుగుల సంఖ్య, దానికి అందించిన దత్తాంశాల పరిమాణంతో పాటు ఏ రీతిలో పెరుగుతుందో తెలిపే కొలతను కాల సంక్లిష్టత అంటారు. ఆంగ్లంలో దీనిని టైమ్ కాంప్లెక్సిటీ అని వ్యవహరిస్తారు. పేరులో కాలం ఉన్నప్పటికీ ఇది గడియారంతో కొలిచేది కాదు. ఒకే ప్రోగ్రాము ఒక కంప్యూటరుపై వేగంగానూ, మరొక దానిపై నెమ్మదిగానూ నడవవచ్చు. అందువలన సెకన్లను గాక, కూడిక, పోలిక వంటి ప్రాథమిక క్రియలను లెక్కిస్తారు.

వృద్ధి రేటు

దత్తాంశాల సంఖ్యను న అనుకొందాం. అకారాది క్రమం లేని 10 లక్షల పేర్ల జాబితాలో ఒక పేరు కోసం వెదకవలసివస్తే, చివరి పేరు వరకూ చూడవలసిన పరిస్థితి రావచ్చు. దీని సంక్లిష్టత న. జాబితా అకారాది క్రమంలో ఉంటే, నిఘంటువులో మాటను వెదికినట్లు నడుమకు తెరచి, అవసరం లేని సగాన్ని వదలివేయవచ్చు. మిగిలిన సగంలోనూ ఇదే పని చేస్తూ పోతే సుమారు 20 పోలికలతో వెదుకులాట ముగుస్తుంది. ఏలనగా 2ను 20 సార్లు గుణిస్తే 10,48,576 వస్తుంది. దీని సంక్లిష్టత న యొక్క సంవర్గమానం, అనగా లాగ్ న.

ఇట్టి వృద్ధిని సూచించడానికి వాడే బిగ్-ఓ సంకేతాన్ని జర్మన్ గణితవేత్త పాల్ బాఖ్‌మన్ 1894లో సంఖ్యాశాస్త్రం కోసం ప్రవేశపెట్టాడు. ఎడ్మండ్ లాండౌ దానిని ప్రచారంలోకి తెచ్చాడు. కంప్యూటర్ శాస్త్రంలో ఈ సంకేతాల వాడుకను 1976లో డోనాల్డ్ నూత్ క్రమబద్ధం చేశాడు. ఓ(న²) అని వ్రాస్తే, న పెద్దదయ్యేకొద్దీ అడుగుల సంఖ్య న²కు ఏదో ఒక స్థిర గుణిజాన్ని మించదని అర్థం. స్థిర గుణకాలను ఇందులో పట్టించుకోరు. విద్యార్థులు దీనిని మరచిపోయి, ఓ(న) ఎల్లప్పుడూ ఓ(న²) కంటె వేగమైనదని భావిస్తుంటారు. న చిన్నదైనప్పుడు ఇది నిజం కాకపోవచ్చు.

యంత్రవేగం, పద్ధతి

మరింత వేగవంతమైన యంత్రాన్ని కొంటే చాలుననే అభిప్రాయం తరచు వినబడుతుంది. 10 లక్షల సంఖ్యలను ఆరోహణ క్రమంలో అమర్చడానికి ఒక పద్ధతి న² అడుగులు, మరొకటి న లాగ్ న అడుగులు తీసుకొంటాయనుకొందాం. మొదటిదానికి లక్ష కోట్ల అడుగులు, రెండవదానికి సుమారు 2 కోట్ల అడుగులు కావాలి. సెకనుకు కోటి అడుగులు వేసే యంత్రంపై మొదటి పద్ధతికి 27 గంటలకు పైగా, రెండవదానికి 2 సెకన్లు పడుతుంది. మొదటి పద్ధతికి నూరు రెట్లు వేగవంతమైన యంత్రాన్ని ఇచ్చినా, దానికి ఇంకా 16 నిమిషాలకు పైనే పడుతుంది.

సంక్లిష్టత 2 యొక్క న-వ ఘాతమైతే పరిస్థితి మరీ కష్టం. వేయి రెట్లు వేగవంతమైన యంత్రం వచ్చినా, అంతే సమయంలో సాధించగల సమస్య పరిమాణం కేవలం 10 పెరుగుతుంది. ఈ కారణంగానే 1960వ దశకంలో అలన్ కోభమ్, జాక్ ఎడ్మండ్స్ బహుపది కాలంలో ముగిసే పద్ధతులను సమర్థమైనవిగా ఎంచారు. ఈ విభజన నేటికీ ప్రామాణికంగా ఉంది.

గుణకారం: ఒక తప్పిన ఊహ

బడిలో నేర్పే గుణకారంలో ఒక సంఖ్యలోని ప్రతి అంకెనూ రెండవదానిలోని ప్రతి అంకెతోనూ గుణిస్తాము గనుక అది న² పద్ధతి. ఇక్కడ న అనగా అంకెల సంఖ్య. ఇంతకంటె మెరుగైన మార్గం ఉండదని ప్రముఖ రష్యన్ గణితవేత్త కోల్మగోరోవ్ 1960లో మాస్కో విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో ఊహించాడు. వారం తిరగకముందే 23 ఏళ్ళ విద్యార్థి అనతోలీ కరత్సుబా ఆ ఊహ తప్పని నిరూపించాడు.

47ను 26తో గుణించడం చూద్దాం. బడి పద్ధతిలో నాలుగు గుణకారాలు కావాలి. కరత్సుబా పద్ధతిలో 4×2=8, 7×6=42, (4+7)×(2+6)=88 అనే మూడే చాలు. 88 నుండి 8, 42లను తీసివేస్తే మిగిలిన 38 పదుల స్థానానికి చెందుతుంది. 800+380+42=1222. ఒక్క గుణకారం తగ్గినంత మాత్రాన ఏమి లాభమని అనిపించవచ్చు. కాని పెద్ద సంఖ్యలను సగాలుగా విడదీసి, ఆ సగాలకూ ఇదే యుక్తిని వర్తింపజేస్తే 1024 అంకెల సంఖ్యలకు 10,48,576 అంకె గుణకారాలకు బదులు సుమారు 59 వేలు సరిపోతాయి. 2019లో డేవిడ్ హార్వీ, యోరిస్ వాన్ డెర్ హూవెన్ న లాగ్ న అడుగుల పద్ధతిని కనుగొన్నారు. అయితే అది ఊహకు అందనంత పెద్ద సంఖ్యలకే ఉపకరిస్తుంది.

ప్రధాన సంఖ్యల పరీక్ష

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తెలుసుకోవడానికి దాని వర్గమూలం వరకు గల సంఖ్యలతో భాగించి చూడడం అందరికీ తెలిసిన పద్ధతి. ఇక్కడ కూడా దత్తాంశ పరిమాణం అంకెల సంఖ్యయే గాని, సంఖ్య విలువ కాదు. ఈ తేడాను గుర్తించకపోతే ఈ పద్ధతి చాలా చౌకైనదిగా తోస్తుంది. 100 అంకెల సంఖ్యకు 1 ప్రక్కన 50 సున్నాలు పెట్టినన్ని భాగహారాలు అవసరం కావచ్చు. సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసినా విశ్వం వయస్సు అందుకు చాలదు. అయినా అంతర్జాలంలో విరివిగా వాడిన ఆర్‌ఎస్ఏ రహస్యలిపికి సుమారు 300 అంకెల ప్రధాన సంఖ్యలు కావాలి.

మిల్లర్, రాబిన్‌ల పేరిట ప్రసిద్ధమైన పరీక్ష వేగవంతమైనదే. కాని అది సంభావ్యతపై ఆధారపడినది, అత్యల్పమైన పొరపాటుకు తావిస్తుంది. ఏ నిరూపితం కాని ఊహపైనా ఆధారపడకుండా, పొరపాటుకు తావులేకుండా, బహుపది కాలంలో ముగిసే పరీక్ష ఉందా అన్న ప్రశ్న చాలాకాలం మిగిలిపోయింది. 2002 ఆగస్టులో కాన్పూరు ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా దీనికి సమాధానం చూపారు. వారి వ్యాసం 2004లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో వెలువడింది. 2006లో వారికి గోడెల్ బహుమతి లభించింది. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలతో దీనిని ఏకేఎస్ పరీక్ష అంటారు.

విచిత్రమేమిటంటే, ఆచరణలో నేటికీ మిల్లర్-రాబిన్ పరీక్షనే ఎక్కువగా వాడుతున్నారు. ఏకేఎస్ పరీక్ష బహుపది కాలంలోనే ముగిసినా, ఆ బహుపది ఘాతం పెద్దది. ఇక ప్రధాన సంఖ్య కాదని తేలిన సంఖ్యకు కారణాంకాలు ఏవో చెప్పడం పూర్తిగా వేరే సమస్య. సాధారణ కంప్యూటర్లపై దానికి బహుపది కాల పద్ధతి ఇంతవరకు దొరకలేదు. ఆర్‌ఎస్ఏ భద్రత ఆ లోటుపైనే నిలిచి ఉంది.