ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్

కారు ఇంజనుకు కావలసిన పెట్రోలును కంప్యూటరు లెక్కగట్టి, తగిన క్షణంలో, తగినంత మాత్రమే చిమ్మించే పద్ధతిని ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ అంటారు. మన దేశపు కార్ల మీద ఒకప్పుడు విరివిగా కనిపించిన "ఎంపీఎఫ్‌ఐ" అనే అక్షరాలు దీనికి సంబంధించినవే. సిలిండరుకు ఒకటి చొప్పున ఇంజెక్టరు ఉన్నదని వాటి భావం.

అవసరం

పూర్వం ఈ పని కార్బ్యురేటరు చేసేది. సన్నని మార్గం గుండా గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గి, పెట్రోలు తనంతట తానే పైకి లాగబడేది. విద్యుత్తు అవసరం లేని చక్కని ఉపాయమే గాని, చలిలోను, ఎత్తైన కొండల మీద, వేగం హఠాత్తుగా పెంచినపుడు పాళ్ళు తప్పేవి.

1 గ్రాము పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరుకు ఈ నిష్పత్తి ప్రాణం వంటిది. కార్బన్ మోనాక్సైడుకు ఆక్సిజన్‌ను చేర్చడం, నైట్రోజన్ ఆక్సైడుల నుండి ఆక్సిజన్‌ను తొలగించడం అనే రెండు విరుద్ధమైన పనులు అది ఏకకాలంలో చేయాలి. పాళ్ళు ఏమాత్రం అటూ ఇటూ అయినా వీటిలో ఒకటి కుంటుపడుతుంది. ఇంతటి ఖచ్చితత్వం మామూలు కార్బ్యురేటరుకు సాధ్యం కాలేదు.

పనిచేసే విధానం

చాలామంది అనుకునేట్లు యాక్సిలరేటరు పెడలు పెట్రోలును వదలదు. అది థ్రాటిల్ కవాటాన్ని తెరిచి గాలిని మాత్రమే లోనికి రానిస్తుంది. వచ్చిన గాలి ఎంతో సెన్సర్లు చెప్పిన తరువాతనే ఈసీయూ అనబడే కంప్యూటరు పెట్రోలు ఎంతో నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు పరిమాణం 0.3 లీటర్లు. అది నిండా గాలి పీల్చితే ఆ గాలి బరువు దాదాపు 0.36 గ్రాములు. దానికి కావలసిన పెట్రోలు సుమారు 24 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నపుడు ఒక్కొక్క సిలిండరుకు ఈ లెక్క సెకనుకు 25 సార్లు జరగాలి.

ఇంజెక్టరు నిజానికి విద్యుదయస్కాంతంతో తెరుచుకునే చిన్న కవాటం. పెట్రోలు పీడనాన్ని స్థిరంగా ఉంచుతారు కనుక, కవాటం ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉన్నదనే దానిని బట్టే పరిమాణం తేలుతుంది. ఏ సిలిండరు వంతు వచ్చినదో క్రాంక్ షాఫ్టు, కామ్ షాఫ్టు సెన్సర్లు తెలుపుతాయి. ఇంజను చల్లగా ఉంటే నీటి ఉష్ణోగ్రత సెన్సరు ఆ సంగతి చెప్పగా, కంప్యూటరు కొంత ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. పాత కార్లలో చోక్ లాగడం ఇందుకే.

చిమ్మిన తరువాత లెక్క సరిపోయిందా లేదా అన్నది పొగగొట్టంలోని లాంబ్డా సెన్సరు చూస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే పెట్రోలు చాలలేదని, లేకుంటే ఎక్కువైందని గ్రహించి కంప్యూటరు తన లెక్కను దిద్దుకుంటుంది. అయితే ఈ సెన్సరుకు ఆక్సిజన్ తప్ప మరేదీ కనిపించదు. స్పార్క్ ప్లగ్ పాడై పెట్రోలు మండకపోతే, వాడని ఆక్సిజన్ బయటకు వస్తుంది. కంప్యూటరు అది చూసి పెట్రోలు ఇంకా పెంచుతుంది! దోషం ఒకచోట, లక్షణం మరొకచోట కనబడడం మెకానిక్కులకు తలనొప్పి.

దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో పోతే పెట్రోలు ఆదా అవుతుందనే నమ్మకం ఈ కార్లకు వర్తించదు. గేరులో ఉండగా పెడలు మీద కాలు తీస్తే కంప్యూటరు ఇంజెక్టర్లను పూర్తిగా ఆపివేస్తుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగిపోకుండా కొంత పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా ఇంజను బ్రేకింగు ఉండదు కనుక అది ప్రమాదకరం కూడా.

చరిత్ర

1958లో క్రిస్లర్ సంస్థ కొద్ది కార్లలో బెండిక్స్ వారి ఎలక్ట్రోజెక్టర్‌ను అమర్చింది కాని అది నమ్మకంగా పనిచేయలేదు. 1967లో బాష్ సంస్థ రూపొందించిన డి-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్ 1600 కారులో విజయవంతమైంది. 1976లో వోల్వో కార్లలో లాంబ్డా సెన్సరు ప్రవేశించింది. 1979లో బిఎండబ్ల్యు 732ఐ కారులో వచ్చిన మోట్రానిక్ ఇంజెక్షన్‌ను, ఇగ్నిషన్‌ను ఒకే డిజిటల్ కంప్యూటరు కిందికి తెచ్చింది.

భారతదేశంలో ముందుగా పెట్రోలు మారవలసి వచ్చింది. పెట్రోలులోని సీసం కన్వర్టరును, లాంబ్డా సెన్సరును రెండింటినీ పాడుచేస్తుంది. 2000లో సీసం లేని పెట్రోలు దేశమంతటా తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చాక మోటారు సైకిళ్ళు, స్కూటర్లలో సైతం కార్బ్యురేటరు స్థానాన్ని ఇంజెక్టరే ఆక్రమించింది.