షంటింగు యార్డున పుట్టిన యింజను

రైలు యింజనుల చరిత్రను చెప్పబూనినవారు వేగమునే కొలబద్దగా గైకొని, ఏ యింజను ఏ సంవత్సరమున గంటకెన్ని మైళ్ళు పరుగెత్తెనో వర్ణించుచు బోవుట పరిపాటి. బొగ్గును, ఇనుపరాతిని, ధాన్యమును, సిమెంటును మోయు గూడ్సు బండ్ల ముందు నిలుచు డీజిలు యింజను విషయమున నీ కొలబద్ద యక్కరకు రాదు. ఏలయన, అది పుట్టినది మెయిను లైనుపై గాదు, ప్రయాణికుల కన్నులబడని షంటింగు యార్డులో. దానికి దొలుత నబ్బిన విద్య పరుగు గాదు, నిలిచియున్న బరువును మెల్లగా కదలించుట.

గూడ్సు యింజనుల పని రెండు తెఱగులు. వరుసగా గూర్చిన వాగనులను ఒక పెద్ద స్టేషనునుండి వేఱొక పెద్ద స్టేషనునకు సకాలమున జేర్చుట మెయిను లైను పని. ఆ వాగనులను పోవలసిన చోటునుబట్టి విడదీసి, మరల గూర్చి, కర్మాగారపు సైడింగులోనికి నెట్టి, ఖాళీలను వెనుకకు లాగుకొని వచ్చుట షంటింగు. మొదటిది బండియెద్దు పనియైన, రెండవది గానుగెద్దు పని. బలశాస్త్రము దృష్ట్యా ఈ రెంటికిని భేదము గొప్పది. బరువును వేగముగా లాగవలెనన్న యింజనునకు అశ్వశక్తి యధికముగా నుండవలెను. నడక వేగముతో లాగవలెనన్న, చక్రములపై చాలినంత బరువుండి, పట్టాలపై పట్టు జాఱకున్న చాలును. అశ్వశక్తి స్వల్పమైనను బరువు గల యింజను షంటింగునకు అక్కరకు వచ్చుననెడి యీ చిన్న సూత్రమే మన కథకు మూలము.

ఆవిరి యింజను మెయిను లైనుపై ఎంత శోభిల్లినను, యార్డు పనియందు దాని లోపములన్నియు బయటపడుచుండెను. పనిలేక నిలిచిన గంటలందును నిప్పు ఆఱకుండ బొగ్గు వేయవలెను, బాయిలరునకు నీరు పట్టవలెను, బూడిద తీయవలెను, డ్రైవరునకు తోడుగా ఫైర్మను ఉండితీరవలెను. షంటింగులో నిరీక్షణము ఎక్కువ గనుక, వాగను కదలకయే బొగ్గు కాలిపోవుచుండెను. నగరమధ్యమునందలి యార్డులలో పొగ పౌరులకు నిత్యబాధ.

జర్మను యింజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటునకు దరఖాస్తు చేసి, 1897 నాటికి ఆగ్సుబర్గు నగరమున నడిపి చూపిన యంత్రము, ఇంధనమును పొదుపుగా వాడుటయందు ఆవిరి యంత్రమును మించెను. కాని దానికొక జన్మదోషము కలదు. ఆవిరి, సిలిండరులో పిస్టను నిలిచియున్నప్పుడే దానిని బలముగా నెట్టగలదు. డీజిలు యంత్రమో, ముందుగా కొంత వేగమున తిరుగుచుండిననే గాని భారమును వహింపజాలదు. యంత్రమును చక్రములకు నేరుగా బంధించి, స్విట్జర్లాండునందలి సుల్జరు సంస్థ తోడ్పాటుతో 1912లో నిర్మించిన యింజను ఈ కారణముననే నిత్యవ్యవహారమున నిలువలేకపోయెను. డీజిలు యంత్రము జనరేటరును త్రిప్పగా, ఆ విద్యుత్తు ఇరుసులపై గల మోటార్లను నడపుట ఈ దోషమునకు విరుగుడు. ఏలయన, విద్యున్మోటారు నిశ్చలస్థితినుండి కదలునప్పుడే గరిష్ఠబలము చూపును. అయినను యంత్రవేగమును, జనరేటరు భారమును క్షణక్షణము సరితూచుట డ్రైవరునకు దుస్సాధ్యమై, యంత్రము ఊపిరాడక ఆగిపోవుట కద్దు. బెర్ను నగరమున జన్మించి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన హెర్మన్ లెంప్, 1914 మొదలు ఒక దశాబ్దముపాటు ఈ సమస్యతో పెనుగులాడి, ఒకే మీటతో రెంటిని సమన్వయించు ఏర్పాటును సిద్ధము చేసెను. డీజిలు యింజను ప్రజ్ఞ యంతయు ఆ మీటయందే యున్నదనిన అతిశయోక్తి గాదు.

యంత్రము సిద్ధమైనది, దానిని కొనువాడు కావలెను. ఆ పని ఒక శాసనము చేసినది. 1902 జనవరి 8వ తేదీన న్యూయార్కులోని పార్కు ఎవెన్యూ సొరంగమున పొగయు, ఆవిరియు గ్రమ్ముకొని సంకేతము కానరాక, ఒక రైలు నిలిచియున్న మఱొక రైలును వెనుకనుండి ఢీకొనగా 15 మంది మరణించిరి. దరిమిలా మన్‌హటను సొరంగములందు ఆవిరి యింజనులు నిషిద్ధములైనవి. 1923 నాటి కాఫ్మన్ చట్టము ఈ నిషేధమును నగరమంతటికి విస్తరింపజేసెను. ప్రయాణికుల రద్దీ గల లైనులపై విద్యుత్తీగలు గట్టుట కంపెనీలకు భారమైనను సాధ్యమే. కాని నదీతీరమున, బల్లకట్లపై వచ్చు వాగనులను దింపుకొను చిన్నచిన్న సరకు యార్డులకు తీగలు గట్టుట, వచ్చు రాబడికి మించిన వ్యయము. తీగ లేకయే విద్యుత్తుతో నడచు యింజనునకు ఇంతకన్న తగిన చోటు లోకమున వేఱొండు లేదు.

జనరల్ ఎలక్ట్రిక్, ఇంగర్సాల్ రాండ్ సంస్థలు కలిసి 1924లో ఒక ప్రదర్శనపు యింజనును నిర్మించి పలు యార్డులలో పరీక్షింపజేసినవి. 1925లో, ఆల్కో యనబడు అమెరికన్ లోకోమోటివ్ కంపెనీయు వీరితో గలియగా, న్యూజెర్సీ సెంట్రల్ రైల్వే 1000 సంఖ్య గల యింజనును కొని, హార్లెం నదియొడ్డున బ్రాంక్సునందలి తన యార్డున ప్రవేశపెట్టెను. దాని బరువు 60 టన్నులు. శక్తి 300 అశ్వములు మాత్రమే. పెట్టెవలె నుండి అందచందములు లేని ఆ యింజను 1957 వరకు కొలువు చేసి, నేడు బాల్టిమోరు రైల్వే ప్రదర్శనశాలయందు విశ్రమించుచున్నది. షంటింగునకు బరువే ప్రధానమని ముందు జెప్పిన సూత్రమునకు ఇంతకన్న నిదర్శనము వలదు.

యార్డు గేటు దాటి మెయిను లైనెక్కుటకు డీజిలు బరువు తగ్గి శక్తి పెరుగవలసి యుండెను. జనరల్ మోటార్సు 1930లో వింటన్ యంత్రసంస్థను, ఎలక్ట్రోమోటివ్ సంస్థను కొనినపిమ్మట, చార్లెస్ కెటరింగ్ నేతృత్వమున రూపొందిన రెండు స్ట్రోకుల యంత్రము ఈ కొఱతను తీర్చసాగెను. 1934 మే 26న జెఫిర్ అను తేలికపాటి ప్రయాణికుల రైలు డెన్వరు నుండి షికాగోకు 13 గంటల 5 నిమిషములలో చేరగా పత్రికలు మిన్నంట గొనియాడినవి. కాని గూడ్సు యజమానులు పొగడ్తలకు లొంగువారు గారు. వారికి టన్నుల లెక్క కావలెను. ఆ లెక్కను 1939 నవంబరులో బయలుదేరిన 103 సంఖ్య గల ప్రదర్శనపు యింజను చూపినది. ఒక్కొక్కటి 1350 అశ్వశక్తి గల నాలుగు భాగములు ఒకే డ్రైవరు చేతిక్రింద నడచి, మొత్తము 5400 అశ్వశక్తితో 20 రైల్వేలపై 83,000 మైళ్ళకు పైగా తిరిగి, సరకు లాగుటయందు ఆవిరిని మించజాలుదుమని నిరూపించినవి. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారులలో బాయిలర్లకు తగిన నీరు దొరకక అవస్థపడుచుండిన శాంటాఫే రైల్వే, అందఱికన్న ముందుగా 1941లో ఈ జాతి యింజనులను గూడ్సు బండ్లకు పూన్చెను. దీర్ఘమైన పల్లములందు మోటార్లనే జనరేటర్లుగా మార్చి బండిని నిలువరించు డైనమిక్ బ్రేకు, బ్రేకు దిమ్మల అరుగుదలను తగ్గించి, ఆ కొండదారులలో లాగుబలముతో సమానమైన ఖ్యాతిని సంపాదించెను.

ఇచట కథ యొక మలుపు తిరుగును. 103 వంటి యింజనులు సొగసైన నిండుతొడుగుతో నుండుటచే డ్రైవరునకు వెనుక దిక్కు కనబడదు. దారిలోని స్టేషనులందు వాగనులు తగిలించుటకును, విడదీయుటకును అవి పనికిరావు. ఆల్కో సంస్థ 1941లో తన యార్డు యింజను చట్రమునే పొడిగించి, క్యాబునకు రెండువైపుల సన్నని తొడుగులుంచి, ప్రక్కల నడకదారి గల ఆర్‌ఎస్-1 యను 1000 అశ్వశక్తి యింజనును వెలువరించెను. రెండవ ప్రపంచయుద్ధము రాగా అమెరికా సైన్యము తొలి యింజనులలో 13ను స్వాధీనపఱచుకొని, సొరంగములు మెండై, నీరు కఱవైన ఇరాను రైలుమార్గమునకు బంపెను. మెయిను లైనున లాగుటకును, యార్డున నెట్టుటకును ఒకేరీతిగా నుపయోగించు ఈ రూపమును జనరల్ మోటార్సు రూపకర్త డిక్ డిల్వర్తు గ్రహించి, 1949లో 1500 అశ్వశక్తి గల జీపీ-7ను రచించెను. సర్వోపయోగమని చాటు ఆ పేరు గల యింజనులు 2,700కు పైగా తయారైనవి. దాని తమ్ముడు జీపీ-9 నాలుగువేలు దాటెను. తలుపులు తెఱచిన మెకానిక్కు చేయి నేరుగా యంత్రమునకు తగులును; మెట్లపై నిలిచి షంటింగు సిబ్బంది చేయి యూపిన డ్రైవరునకు కనబడును. 1960 నాటికి అమెరికాలో ఆవిరియుగము ముగిసెను.

మన దేశమున సైతము ఈ రూపమే జయించెను. 1957 మొదలు ఆల్కోనుండి దిగుమతియైన డబ్ల్యూడీఎం-1 యింజనులు నిండుతొడుగు గలవై, ఒకే చివర క్యాబు ఉండుటచే గమ్యమున వెనుకకు త్రిప్పవలసి వచ్చెడివి. 1962లో వచ్చిన డబ్ల్యూడీఎం-2 సన్నతొడుగుది. 2600 అశ్వశక్తి గలది. 1961లో స్థాపితమై, 1964 జనవరిలో తొలి యింజనును వెలువరించిన వారాణసి డీజిలు కర్మాగారమున ఇవి వేలసంఖ్యలో తయారై, గుత్తి, కాజీపేట, మౌలాలి షెడ్లలో మన తెలుగు కార్మికుల చేతులలో మరమ్మతులు పొంది, ఎక్స్‌ప్రెస్సును, గూడ్సును, షంటింగును సమభావముతో లాగినవి. ప్రత్యేకముగా షంటింగునకు వారాణసివారు డబ్ల్యూడీఎస్-6ను నిర్మించిరి. తూర్పుకనుమలను దాటి కిరందూలు ఇనుపరాతిని విశాఖకు దింపు మార్గము విద్యుదీకృతమైనపిమ్మట, 1980 దశకాంతమున స్వీడను, జపానులనుండి వచ్చిన డబ్ల్యూఏజీ-6 యింజనులు విశాఖలో నెలకొన్నవి. అచ్చటి పల్లములందును లాగుటతో సమముగా నిలువరించుటయు ఘనకార్యమే.

తదుపరి గొప్పమార్పు 1990 దశకమున వచ్చెను. మూడు ఫేజుల ఏసీ మోటార్లు, చక్రము జాఱబోవు తరుణమును కనిపెట్టి బలమును సర్దు ఎలక్ట్రానిక్ సాధనములు చేరుటతో, పట్టుదప్పక లాగగల బరువు పెరిగి, 4000 అశ్వశక్తి గల డబ్ల్యూడీజీ-4 వంటి యింజనులు 1999లో మన దేశమునకు వచ్చినవి. బీహారులోని మాధేపురాలో నిర్మితమగు విద్యుత్ యింజను డబ్ల్యూఏజీ-12 రెండు భాగములు కలిసి 12,000 అశ్వశక్తి గలది. శక్తి యిన్ని మడుగులు పెరిగినను, పట్టుజాఱుటను అరికట్టవలెనను చింత నాడు బ్రాంక్సు యార్డున ఉండినదే.

షంటింగునకై క్రొత్త యింజనులను చేయించుట నేడు అరుదు. మెయిను లైనున వయసు మళ్ళినవానిని యార్డునకు దింపుటయే వాడుక. అమెరికాలో జీపీ వంశమువి, మన దేశమున డబ్ల్యూడీఎం-2 తరమువి ఇట్లు వృద్ధాప్యమును షంటింగులో గడపినవి. పైనుండి క్రేనుతో సరకు దింపవలసిన రేవులలో, గూడ్సు షెడ్లలో తీగ గట్టుట కుదరదు గనుక, దేశమంతయు విద్యుదీకరణ మగుచున్న యీ దినములందును అచ్చట డీజిలునకు ప్రత్యామ్నాయము లేదు. మెయిను లైనుపై దాని పాలన మనకండ్లయెదుటనే ముగియవచ్చును; యార్డులో మాత్రము దాని యవసరము తీరలేదు. కావున గూడ్సు యింజను చరిత్రను వ్రాయువారు తొలి యధ్యాయమును రాజధానీనగరముల వేగపు బండ్లకు గాక, 300 అశ్వశక్తి గల ఆ షంటరునకే యీయవలెను.