శాస్త్రపఠనమున నేత్రగతి

చదువరి కన్ను పంక్తివెంట నదీప్రవాహమువలె నెడతెగక సాగునని పెక్కండ్రు చిరకాలము తలఁచిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర నీ తలఁపు చెదరెను. కన్ను గంతు వైచును, నిలుచును, మరల గంతు వైచును. గంతు వైచునపుడు అక్షరము స్ఫుటముగాఁ గానరాదు. నిలిచిన క్షణముననే కానవచ్చును. మెదడు కఠినమైన శాస్త్రవాక్యము నెట్లు గ్రహించునను విచారమునకు నేత్రగతి నాఁటినుండి ముఖ్యసాధన మయ్యెను.

దీనిని మొదటఁ గనుఁగొన్నవాఁడు ఫ్రెంచి నేత్రవైద్యుఁడగు ఎమీల్ జవాల్ అనియు, సంవత్సరము 1879 అనియుఁ బెక్కు గ్రంథములఁ గలదు. ఈ మాట సవరింపఁదగినది. ఆ యేఁటనే జర్మను శాస్త్రజ్ఞుఁడగు ఎవాల్డ్ హేరింగు రబ్బరు గొట్టముల మూలమునఁ గంటికండరముల ధ్వని విని, చదువునపుడు కన్ను గంతులతోఁ గదలుచున్నదని తెలిపెను. జవాల్ పరిశోధనశాలలోఁ బనిచేసిన లామార్ అను నతఁడును ధ్వనిమూలముననే గంతులను లెక్కించెను. అతని వివరణము 1892లో వెలువడెను. కావునఁ గీర్తి యొక్కనిదైనను శ్రమ మువ్వురిది.

చెవితో విన్నదానికి వ్రాఁత నిలువదు. అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ కొకేనుచేఁ గంటిని స్పర్శహీనము గావించి, కనుగ్రుడ్డుపైఁ బ్లాస్టరు గిన్నె నమర్చి, దానికిఁ గట్టిన యల్యూమినియపు ముల్లుచేఁ బొగపట్టిన కాగితముపైఁ గంటి జాడను గీయించెను. పఠనమునుగూర్చిన యతని గ్రంథము 1908లో వెలువడినది. కాని కంటికి బరువు గట్టి చదివించుట సహజపఠన మగునా? ఈ శంక నాఁటినుండియు నీ పరిశోధనములను వెంటాడుచునే యున్నది. రేమండ్ డాడ్జి, క్లైను అనువారు 1901లోఁ గంటిపైఁ బ్రతిఫలించు కాంతిని ఛాయాచిత్రముగాఁ దీసి, కంటిని ముట్టకయే దాని నడకను గుర్తించిరి. షికాగో విశ్వవిద్యాలయమున జడ్, బస్వెల్ అనువారు 1922లోఁ గథ, భూగోళము, బీజగణితము మొదలగువానిని జదివించి, విషయమునుబట్టి కంటి నడక మాఱునని చూపిరి.

శాస్త్రవచనమునే ముఖ్యముగాఁ గొన్న ప్రసిద్ధ పరిశోధనము 1980 నాఁటిది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మార్సెల్ జస్ట్, పెట్రీషియా కార్పెంటర్ అనువారు 14గురు విద్యార్థులచేత, వారపత్రికలనుండి గ్రహించిన 15 శాస్త్రవిషయక ఖండికలను జదివించిరి. అరుదైన పదముపైఁ జూపు అధికకాలము నిలిచెను. వాక్యాంతమునను నట్లే నిలిచెను. అచ్చట మనస్సు విడివిడి యర్థముల నొకటిగాఁ గూర్చుకొనుటయే దీనికిఁ గారణమని వారు వివరించిరి. కన్ను పదముపై నున్నంతకాలము మనస్సు నా పదముపైనే పనిచేయునని వారి సిద్ధాంతము. తరువాతివారు దీనిని సడలించిరి: కఠినపదభారము ఒక్కొకప్పుడు ముందఱి పదముమీఁదికిఁ బొరలును, మనస్సు కంటికిఁ గొంత వెనుకఁబడి నడచును.

ఆ సంవత్సరముననే మార్టా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డు అనువారు, వాక్యార్థమునకుఁ బొసఁగని పదము కనఁబడిన సుమారు 400 మిల్లీసెకండ్లకు మెదడు విద్యుత్తరంగమున నొక మార్పు పుట్టునని చూపిరి. కాని వారు పదముల నొక్కటొక్కటిగాఁ జూపిరి. కంటికి వెనుదిరుగు స్వేచ్ఛ లేదు. హ్యూయీ నాఁటి శంకయే మరల నిలిచెను. కడపట 2019లోఁ బెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పరిశీలనమున, అయస్కాంతయంత్రము మెదడు రక్తప్రసారమును జిత్రించుచుండఁగా, శాస్త్రవాక్యములపైఁ గన్ను యథేచ్ఛగాఁ దిరుగుటయుఁ గొలువఁబడెను. ఏ నిలుకడకు మెదడున నెచ్చట పని జరిగెనో జతపఱచి చూచుటకు మార్గ మేర్పడెను.

ఈ చరిత్రయందు బోధకులకుఁ బ్రయోజనకరమైన యంశ మొకటి కలదు. పెద్దల పఠనమున నొక్కొక్క నిలుకడ సామాన్యముగా 200 మొదలు 250 మిల్లీసెకండ్లు. గంతులలో నూటికిఁ బది మొదలు పదునైదు వెనుకకుఁ బోవునవి. వచనము కఠినమగుకొలఁది నిలుకడలు దీర్ఘములగును, గంతులు కుఱుచలగును, వెనుదిరుగుటలు హెచ్చును. వెనుదిరుగుట దోషమని యెంచి, దానిని మాన్పి వేగము పెంపవలెనని బోధించువారును గలరు. 2014లో షాటర్, ట్రాన్, రేనర్ అనువారు కన్ను దాఁటిన పదమును మరల చదువ వీలులేకుండ మాటుపఱచి చూడఁగా, చదివినవారి యవగాహనము తగ్గెను. నిలిచినంతనే గ్రహించినట్లు కాదు. మనస్సు వేఱొకచోట నున్నను గన్ను పంక్తిపైఁ దిరుగును. కాని నిలువనీయని చదువున, వెనుదిరుగనీయని చదువున గ్రహణమునకుఁ జోటు తక్కువ. శాస్త్రపాఠము చదువు బాలుని చూపు వెనుకపదమునకు మరలినపుడు, అది మాంద్యచిహ్న మని తలంపరాదు. అర్థము కూర్చుకొను యత్న మనుటయే యుక్తము.