ఎనిమిది పౌన్ల షౌఖ్

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా పెద్దోడు తన గిటారు తంతులు విప్పి, పైన ఉండే ప్లాస్టిక్ పలక స్క్రూలన్నీ ఊడదీశాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ గిటారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గదంతా టంకం వాసన. తెలుగు డిగ్రీ చదివాక అది నాకు టంకం అయింది గానీ, మా ఉర్దూ బడిలో, అబ్బా దుకాణంలో అది టాంకానే. కర్నూలులో అబ్బా రేడియోల మరమ్మతు చేసేవారు. ఆ వాసనకి ముందు ఆయన యాద్‌కొచ్చారు. గుస్సా తర్వాత వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదబ్బా, మధ్య పికప్ తీగలు రెండూ తారుమారు చేస్తున్నా. బ్రయాన్ మే గిటారులో ఆ ఆవాజ్ ఉంటుంది."

ఇంటర్ రెండో సంవత్సరం ముందు పెట్టుకుని ఈ తమాషాలేంటని నాలుగు తిట్టాను. వాడు మారుమాట లేకుండా పలక బిగించేశాడు. రాత్రి నిద్ర పట్టలేదు. సహాఫత్ చేసేవాడికి ఒక పేరు చెవిన పడితే ఆరా తీయకుండా ఉండదు. తీస్తూ పోతే ఆ గిటారు తారీఖ్ మొత్తం ఒక తండ్రి, ఒక కొడుకు చుట్టూనే ఉంది.

1963 ఆగస్టు. లండన్ పక్కన ఫెల్తమ్ అనే ఊరు. బ్రయాన్‌కి పదహారేళ్ళు. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ మీద మనసు, కొనే తాఖత్ లేదు. తండ్రి హెరాల్డ్ మే విమానయాన శాఖలో డ్రాఫ్ట్స్‌మన్, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు. ఇంట్లో టీవీ ఆయన సొంత చేతుల్తో చేసిందే. తండ్రీకొడుకులు కలిసి టెలిస్కోప్ కూడా చేసుకున్నారు. బ్రయాన్ అప్పటికే తన చిన్న మామూలు గిటారుకి గుండీల్లాంటి అయస్కాంతాలు పెట్టి, రాగితీగ చుట్టి, ఎలక్ట్రిక్ చేసి చూశాడు. ఇక అసలుదే చేద్దామని ఇద్దరూ ఒక చిన్న గదిని కార్ఖానా చేసుకున్నారు.

సామాను జాబితా చూస్తే మన కబాడీ దుకాణం గుర్తొస్తుంది. ఎవరో తీసేస్తున్న నూరేళ్ళ నాటి నిప్పుగూడు చట్రంలోని మహాగని చెక్కతో గిటారు మెడ. ఆ చెక్కలో పురుగు తొలిచిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలు కూరి పూడ్చారు. దాన్ని చెక్కింది ఎక్కువగా జేబుకత్తితోనే. ఒళ్ళు పాత ఓక్ బల్లది. మెట్ల మీద తెల్లగా మెరిసే గుర్తులు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరాన్ని ఊగించే కడ్డీ సైకిలు సీటు సంచిని ఆపే కమ్మీ, దాని కొసన అమ్మ అల్లికసూది ముక్క. తంతుల లాగుడికి ఎదురు నిలిచేవి పాత మోటారు సైకిలు ఇంజన్లోని రెండు వాల్వ్ స్ప్రింగులు. దాదాపు రెండేళ్ళు పట్టింది. ఖర్చు 8 పౌన్లు అని మే చెబుతుంటాడు.

ఇది పేదరికపు ఖిస్సా అని నాకనిపించదు. ఆ స్ప్రింగుల కింద ఉన్నది నూరిన ఉక్కు కత్తి అంచు. తూకపు కాటా ముల్లులాగా తంతుల పలక దాని మీద ఊగుతుంది. రాపిడి ఎంత తక్కువైతే, ఊపి వదిలాక తంతులు అంత సరిగ్గా శ్రుతికి తిరిగొస్తాయి. పారేసిన సామానుతో చేశారు కదా అని ఎక్కడా సర్దుకోలేదు.

ఓడిపోయింది ఒక్క చోట, పికప్‌ల దగ్గర. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగితీగ వేల చుట్లు. మోటారు వైండింగ్ చూసినవారికి కొత్త కాదు. పైన ఉక్కు తంతి కదిలితే చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. అదే యాంప్లిఫయర్‌కి పోయి ఆవాజ్ అవుతుంది. బ్రయాన్ చుట్టిన పికప్‌లు బాగానే పలికాయి గానీ, తంతిని వేలితో పక్కకి లాగితే స్వరం ఆగినట్టయ్యేది. అయస్కాంతాల ధ్రువాలు అమర్చిన తీరులో లోపం. జిద్దు చేయకుండా బర్న్స్ కంపెనీ ట్రై-సోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. వాటినీ ఉన్నవున్నట్టు వాడలేదు. లోపలి చుట్టలు కంపించి కీచుమనకుండా ఆరల్డైట్ జిగురు పోశాడు.

ఇక మావాడు వెంటపడ్డ తీగల సంగతి. ఎక్కువ గిటార్లలో పికప్‌లు పక్కపక్కగా, ప్యారలల్‌గా కలిపి ఉంటాయి. మే వాటిని సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి కలిపాడు. మూడు సెల్లుల టార్చి గుర్తు చేసుకోండి. సెల్లులు వరసగా పెడితే బలాలు కూడుతాయి. ఒక సెల్లు తిరగేసి పెడితే అది మిగతావాటి బలం తీసేస్తుంది, వెలుతురు మందగిస్తుంది. పికప్‌నీ అలాగే తిరగేస్తే లావు ఆవాజ్ చాలావరకు కొట్టుకుపోయి, సన్నటి, ముక్కుతో పలికినట్టుండే పుకారు ఒకటి మిగులుతుంది. మే ప్రతి పికప్‌కీ రెండేసి స్విచ్‌లు పెట్టాడు. ఒకటి ఆన్-ఆఫ్‌కి, రెండోది తిరగేయడానికి. మొత్తం ఆరు.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి మూడు పికప్‌లున్నా, మూడు చోట్ల ఆగే ఒకే స్విచ్ ఉండేది. వాయించేవాళ్ళు దాన్ని రెండు గాట్ల మధ్య నిలబెట్టి కంపెనీ ఇవ్వని ఆవాజ్‌లు లాక్కున్నారు. కంపెనీ ఐదు చోట్ల ఆగే స్విచ్ పెట్టింది 1977లో. షౌఖీన్లు ముందు, కార్ఖానాలు వెనక!

అసలు మాట ఇది కాదు. గిటారు అయ్యాక బ్రయాన్ ఇంపీరియల్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు. గ్రహాల మధ్య తేలే ధూళి మీద పీహెచ్‌డీ మొదలెట్టి, డెబ్బైల మొదట్లో దాన్ని సగంలో వదిలి క్వీన్ బ్యాండ్‌తో వెళ్ళిపోయాడు. (ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. మన పంచగనిలో చదివిన పార్సీ పిల్లాడు.) హెరాల్డ్‌కి అది మింగుడు పడలేదు. గిటారు చేసి ఇచ్చిన చేతులే, అయినా కొడుకుతో చాలాకాలం మాటలు సరిగా లేవు. ఆయన పక్షాన నేనూ వకాల్తా పుచ్చుకోగలను. షౌఖ్‌కి పైసలు పెట్టడం వేరు, కొడుకు జిందగీ మొత్తం ఆ షౌఖ్ మీద పెట్టడం వేరు. ఆ రోజుల్లో ఆ బ్యాండ్ ఏమవుతుందో ఎవరికి తెలుసు?

తర్వాత కొడుకు అమ్మానాన్నల్ని కాంకార్డ్ విమానంలో న్యూయార్క్ పిలిపించాడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ. కాంకార్డ్ పొగమంచులో దిగే పరికరాల మీద హెరాల్డ్ తన ఉద్యోగంలో పనిచేశాడు, అందులో ఎక్కింది మాత్రం కొడుకు టికెట్‌తోనే. కచేరీ అయ్యాక, ఇప్పుడర్థమైందని కొడుకు చెయ్యి కలిపాడట. 2002లో బకింగ్‌హామ్ పాలెస్ పైకప్పు మీద మోగింది ఆ గిటారే. వదిలేసిన పీహెచ్‌డీ 2007లో పూర్తయింది. అప్పటికి హెరాల్డ్ లేడు.

మావాడితో ఇదంతా చెప్పలేదు. వాడికి నాకంటే బాగా తెలుసు. పోయిన వారం ఇంకో దర్ఖాస్తు పెట్టాడు. కర్నూలులో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చిన టేకు దర్వాజా రెక్క మిద్దె మీద పడి ఉంది. దాంతో గిటారు ఒళ్ళు చేస్తాడట. అబ్బా రోజూ గొళ్ళెం పెట్టిన రెక్క అది.

ఇంకా జవాబివ్వలేదు. నిన్న రాత్రి మాత్రం పైకెళ్ళి, టార్చి వేసి, పురుగు ఎంతమేర తొలిచిందో చూసొచ్చాను.