పాటను వెనుకకు తిప్పితే పిశాచం పలుకుతుందా?

రాక్ సంగీతపు రికార్డులను వెనుకకు తిప్పి వింటే సైతానును కీర్తించే మాటలు వినవస్తాయనీ, అవి వినేవారి మనసులో తెలియకుండానే నాటుకొని వారిని చెడుదారి పట్టిస్తాయనీ 1980వ దశకంలో అమెరికాలో గొప్ప భయం వ్యాపించింది. ధ్వనిని ఇట్లు వెనుకముందులుగా ముద్రించడాన్ని బ్యాక్‌మాస్కింగ్ అంటారు. తలుపుల మీద 'నాళె బా' అని రాసుకున్న రోజులు గుర్తున్న మన సరిహద్దు పల్లెల పెద్దలకు ఈ కథ మరీ కొత్తగా తోచదు.

ప్రక్రియ మాత్రం కల్పితం కాదు. బీటిల్స్ బృందం 1966లో 'రెయిన్' అనే పాట చివర గాత్రాన్ని కావాలనే వెనుకకు తిప్పి చేర్చింది. పింక్ ఫ్లాయిడ్ బృందం 1979లో తన 'ది వాల్' రికార్డులో అటువంటి మాటలే దాచింది. తిప్పి విన్నవారికి అందులో లభించేది, రహస్య సందేశాన్ని కనిపెట్టినందుకు అభినందన! గొడవంతా ఎవరూ దాచని మాటల గురించే వచ్చింది. లెడ్ జెప్పెలిన్ బృందం 1971లో పాడిన 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటను 1982లో కాలిఫోర్నియా శాసనసభా సంఘమొకటి వెనుకకు తిప్పించుకొని మరీ విన్నది. మరుసటి ఏడు ఆర్కాన్సా రాష్ట్ర చట్టసభలు ఇటువంటి రికార్డులపై హెచ్చరిక ముద్రించాలని బిల్లు ఆమోదించగా, నాటి గవర్నరు బిల్ క్లింటన్ దానిని తిప్పి పంపారు.

ఈ భయం న్యాయస్థానానికి ఎక్కింది ఒక విషాదంతో. 1985 డిసెంబరులో నెవాడా రాష్ట్రంలో ఇద్దరు యువకులు తుపాకితో ఆత్మహత్యకు యత్నించారు. ఒకడు అక్కడికక్కడే మరణించాడు, రెండవవాడు 1988లో. వారు ఆనాడు విన్న జూడాస్ ప్రీస్ట్ బృందపు పాటలో 'చేసెయ్యి' అనే ఆజ్ఞ దాగి ఉన్నదని కుటుంబాలు దావా వేశాయి. 1990లో రీనో నగరంలో విచారణ జరిగింది. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ అదే రికార్డులోని ఇతర భాగాలను వెనుకకు తిప్పి, అందులోనూ అర్థంపర్థం లేని తమాషా వాక్యాలు వినిపించగలవని చూపాడు. ఆజ్ఞగా తోచినది గాయకుని నిశ్వాసమూ గిటారు ధ్వనీ యాదృచ్ఛికంగా కలిసినది మాత్రమేనని భావించిన న్యాయమూర్తి, బృందానికి బాధ్యత లేదని తీర్పునిచ్చారు. కన్నవారి దుఃఖాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆ పిల్లల ఇళ్లలోని కలతలూ, ఆనాడు వారు పుచ్చుకున్న మద్యమూ గంజాయీ కూడా విచారణలో బయటికి వచ్చాయి. పాటను నిందించడం వాటిని తలచుకోవడంకన్న సులభం.

వెనుకకు తిప్పడమంటే మనకు మొదట స్ఫురించేది తెనాలి రామకృష్ణుని బిరుదు, 'వికటకవి'. ఎటు చదివినా ఒకటే. వాల్మీకి 'మరా మరా' అనగా అది 'రామ' అయినదన్న కథ సరేసరి. కాని అక్కడ మారేది అక్షరాల వరుస. టేపు అక్షరాన్ని ఎరుగదు, ధ్వనినే ఎరుగును. 'వికటకవి'ని టేపు మీద తిప్పితే ఇంచుమించు 'ఇవకటకివ్' అని వస్తుంది. 'మరా' కూడా 'రామ' కాదు, 'ఆరమ్' అవుతుంది. అందువల్ల ఒక పాట సూటిగా ఒక అర్థాన్నీ, తిరగవేస్తే మరొక స్పష్టమైన వాక్యాన్నీ ఇచ్చేట్లు రచించడం బహు కష్టం. అంత పాండిత్యం ఉన్నవాడు సైతానును దాచి పెట్టుకోవలసిన పనేమి?

మరి జనులకు మాటలెట్లు వినిపించాయి? కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన వోకీ, రీడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ఈ విషయమై పరిశోధన ప్రచురించారు. తిప్పిన మాటలను విన్నవారు పలికినది ఆడో మగో గుర్తించగలిగారు గాని, ఆ మాట శిశుగీతమో, దైవవాక్యమో, సైతాను స్తుతో చెప్పమంటే గుడ్డిగా ఊహించినదానికన్న మెరుగుగా చెప్పలేకపోయారు. ఫలానా మాట వస్తుంది చూడండని ముందుగా చెప్పినప్పుడు మాత్రం అదే వినిపించింది.

ఇక మన సంగతి. 1990వ దశకంలో ఒక ఆడ దయ్యం రాత్రివేళ తలుపు తట్టి, తెలిసినవారి గొంతుతో పిలుస్తుందనీ, పలికినవారు బ్రతకరనీ వదంతి పుట్టింది. కన్నడనాట 'నాళె బా', తెలుగునాట 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపులపై వెలిశాయి. (దయ్యానికి ఏ లిపి వచ్చునో అన్న చిక్కు సరిహద్దువారికి మాత్రమే కలగదగినది.) అట్టి భయంలో కప్పు కిర్రుమన్నా అమ్మ పిలుపే. సున్నం ఖర్చుతో పోయింది గనుక ఇప్పుడు నవ్వుకోగలం.

2018లో అట్లు పోలేదు. పిల్లల భద్రతకై కరాచీలో తీసిన ప్రచార చిత్రమొకటి వాట్సాప్‌లో మన ఫోన్లకు చేరింది. అసలు చిత్రంలో బాలుణ్ణి మోటారు సైకిలుపై ఎత్తుకుపోయినవారు తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక పలక చూపుతారు. ఆ చివరి తునకను కత్తిరించి, పిల్లల దొంగలు తిరుగుతున్నారని మాట జోడించారు. ఆ ఏడు మే నెలలో బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుండి పనికోసం వచ్చిన యువకుణ్ణి పిల్లల దొంగ అని జనం కొట్టి చంపారు.

నేను ఏడవ తరగతి పిల్లలకు ఒక శిశుగీతాన్ని ఫోనులో వెనుకకు తిప్పి వినిపించి, విన్నది రాయమన్నాను. ఒకరి రాత మరొకరితో పొసగలేదు, పలువురు ఖాళీ కాగితమే ఇచ్చారు. పిమ్మట 'పుట్టలో పాము' అని వస్తుంది వినండన్నాను. అది నేను కల్పించినదే. రెండవమారు వినిపించగా దాదాపు తరగతి అంతా చేతులెత్తింది. ఆ సాయంత్రం ఒక బాలుడు ఇంట్లో తన అవ్వకు అదే వినిపిస్తూ, పాముకు బదులు తేలని చెప్పాడట. ఆమెకు తేలే వినిపించింది.