వార్త వ్రాయు విద్య

ఆదవాని బజారులోని పత్తి ధర పత్రికలో ఒక్క అంకె తప్పుగా పడినను రైతు నష్టపోవును. అయినను వార్త వ్రాయుట కార్యాలయములో పెద్దలయొద్ద నేర్చుకొను పనియేయని చాలకాలము తలచిరి. 1908లో అమెరికాయందలి మిస్సోరీ విశ్వవిద్యాలయము దానికై ప్రత్యేక విద్యాలయమును స్థాపించెను.

ఎమ్మిగనూరు గల ఆదవాని తాలూకా మద్రాసు రాష్ట్రములో నున్నపుడే, 1947లో, మద్రాసు విశ్వవిద్యాలయము పత్రికారచనను బోధింపసాగెను. 1953లో ఆ తాలూకా ఆంధ్రరాష్ట్రమున చేరినది. 1954లో హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ వెలసినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా ఆ చదువు ఈ సీమ విద్యార్థులకు స్వరాష్ట్రములోనే లభ్యమయ్యెను.

విన్నదానిని విచారించి, సరిచూచి, అందరికి తెలియునట్లు చెప్పుటయే ఈ విద్యకు ప్రాణము. “ఎవరు చెప్పిరి? ఎట్లు తెలిసినది?” అని పాఠకుడును అడుగ నేర్చిననే అది సార్థకమగును.