చౌమహల్లాలోని పసుపు రథము

పాతబస్తీలో చార్మినారునకు కూతవేటు దూరమున చౌమహల్లా ప్రాసాదము కలదు. అందు పసుపువన్నె మోటారుబండి యొకటి నిలిచియున్నది. పైకప్పు గుమ్మటమువలె నుండును; లోపలి యాసనము సింహాసనమును బోలియుండును. ఇది రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్. యంత్రమున ఆరు సిలిండర్లు కలవు. పైభాగమును లండను నగరపు బార్కరు కంపెనీవారు నిర్మించిరి.

దీనిని కోరి చేయించినవాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను. కాని 1911 ఆగస్టులో ఆయన దివంగతుడయ్యెను. బండి నగరము చేరునప్పటికి గద్దెపై ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాను ఉండెను. ఆయన దీనిని ఉత్సవములకే వినియోగించెను. నూరేండ్లు దాటినను ఇది నడచినది కొన్ని వందల మైళ్లు మాత్రమే.

నేను ఉపాధ్యాయుడనై యుండగా పిల్లల నొకసారి అచటికి తోడుకొని పోతిని. "అయ్యవారూ, నడవని బండి ఎందుకండీ?" అని ఒక బాలుడు అడిగెను. ఆనాడు నాకు ప్రత్యుత్తరము తోచలేదు. పిమ్మట బోధపడినది: అంబారీ కట్టిన యేనుగు తొలగి, యంత్రము వచ్చిన కాలమున, రాచరికము తన సింహాసనమును చక్రములపై కెక్కించుకొనెను. ఆ వైభవమునకు మూలము ప్రజలు చెల్లించిన శిస్తే. 1948 సెప్టెంబరులో ఆ యేలుబడి ముగిసెను; బండి మిగిలెను. నాడు దూరమునుండి చూచినవారి మనుమలు నేడు టిక్కెట్టు కొని దగ్గరనుండి చూచుచున్నారు. భద్రపరచుటకు ఈ ఫలము చాలదా?